ముసురు పట్టిన మే

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 2025లో ఆ కార్తె వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు కేరళ దాటి పైకి నడుస్తున్నాయి. జూన్ 1న తాకాల్సిన కేరళ తీరాన్ని అవి మే 24నే తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. రెండు రోజుల్లో ముంబయి చేరాయి. ఆ వారంలోనే తెలుగు నేల మీదికీ వచ్చాయి. అంతకు ముందు నుంచే ద్రోణులు, సాయంకాలపు ఉరుముల వానలు ఎడతెగలేదు. ఆ నెలలో దేశం మొత్తం మీద సగటున 126.7 మిల్లీమీటర్ల వాన పడిందని భారత వాతావరణ శాఖ లెక్క తేల్చింది. దీర్ఘకాల సగటు 61.4 మాత్రమే. 1901 నుంచి రాసిపెట్టిన లెక్కల్లో ఇంతగా తడిసిన మే మరొకటి లేదు.

పట్నంలో కూలర్లు ఆగిపోయాయి, జనం ఊపిరి పీల్చుకున్నారు. వేసవి వానల నష్టం అనగానే మనకు గుర్తొచ్చేవి కల్లాల్లో మొలకెత్తిన వడ్లు, తోటల్లో రాలిపోయిన మామిడి. అవి ఫొటోకు దొరికే నష్టాలు. ఫొటోకు దొరకనిది మరొకటుంది. హైదరాబాదుకు పడమటి దిక్కున చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు బోరు కింద అరెకరం టమాటా, పావెకరంలో బీర పందిరి, నాలుగు మళ్లలో కొత్తిమీర, పాలకూర, తోటకూర వేసుకుని, తెల్లారేలోగా ఆటోలో రైతుబజారుకు చేర్చే చిన్న రైతుది ఆ నష్టం. అక్కడ ఏదీ ఒక్క రాత్రిలో కొట్టుకుపోదు. పది పదిహేను రోజుల్లో, ఒక్కో మొక్కా ఒక్కో కారణంతో దిగజారుతుంది.

ఎండాకాలపు కూరగాయ అంటేనే ఎండ మీద వేసిన పందెం. మార్చి తర్వాత బావులు, బోర్లు అడుగంటి చాలామంది సాగు మానేస్తారు. నీళ్లున్న కొద్దిమందికి మంచి ధర వస్తుంది. నీళ్లు మన చేతిలో ఉండాలి, డ్రిప్పు గొట్టం ద్వారా వేరు దగ్గరికే చేరాలి, మిగతా చేనంతా పొడిగా ఉండాలి. ఆ పొడిదనం ఖర్చు లేకుండా చాలా పనులు చేస్తుంది. ఆకును తడి లేకుండా ఉంచి తెగుళ్లను ఆపుతుంది. సాళ్ల మధ్య కలుపును మొలవనివ్వదు. దున్నిన నేలలో పురుగుల కోశస్థ దశలను మాడ్చేస్తుంది. కోసిన కూరను కుళ్లనివ్వదు. వీటిలో ఏ ఒక్కదానికీ రైతు ఖర్చు పుస్తకంలో పద్దు ఉండదు. వాన మేలో దిగబడినప్పుడు ఈ ఉచితపు పనులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నీళ్లు ఎక్కువయ్యాయని అందరం అంటాం. ఎక్కువైనదాని కంటే కరువైనవే మొక్కను చంపుతాయి. వాటిలో మొదటిది గాలి.

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4,000 లీటర్లు. సాయంత్రం గంటసేపు దంచి 50 మిల్లీమీటర్లు కురిసిందంటే ఆ ఎకరం మీద రెండు లక్షల లీటర్లు దిగాయన్నమాట. 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే నలభై ట్యాంకర్లు. ఎదిగిన కూరగాయల తోట మండే ఎండలో కూడా రోజుకు ఐదారు మిల్లీమీటర్లకు మించి తాగదు. మబ్బు పట్టి, గాలిలో తేమ నిండిన రోజున అందులో సగమూ తాగదు. కాబట్టి ఒక్క సాయంత్రం పడిన వాన రెండు వారాల తిండి. దాన్ని నేల దాచుకోవాలి, లేదా కిందికి దించాలి, లేదా పక్కకు పంపాలి.

మంచి నేలలో దాదాపు సగం ఖాళీయే. మట్టి రేణువుల మధ్య సందులు కలిపితే నేల ఘనపరిమాణంలో సగం దాకా వస్తాయి. ఆ సందుల్లో కొన్నిట్లో నీరు, కొన్నిట్లో గాలి ఉన్నప్పుడు వేరు హాయిగా ఉంటుంది. వేరు ఊపిరి తీస్తుందన్న సంగతి బడిలో చదువుకున్నా మనకు అంతగా తలకెక్కదు. ఆకు పగలంతా ఆక్సిజన్ విడుదల చేస్తుందని గుర్తుంటుంది గానీ, ఆ ఆక్సిజన్‌ను వేరు దాకా చేర్చే రక్తప్రసరణ ఏదీ మొక్కకు లేదు. వేరు తన వంతు తానే చుట్టూ ఉన్న మట్టి సందుల్లోంచి వెతుక్కోవాలి. 30 డిగ్రీల దగ్గర ఒక లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటుంది. అదే వేడిలో లీటరు నీటిలో కరిగి ఉండగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. అదీ కాక నీటిలో ఆక్సిజన్ కదిలే వేగం గాలిలో కదిలే వేగంలో పదివేలో వంతు. సందులన్నీ నీటితో నిండాయంటే నిల్వా పోయింది, రాకపోకా పోయింది. వేర్లూ, వాటి చుట్టూ కోట్లాదిగా ఉన్న సూక్ష్మజీవులూ ఉన్న కాస్తనూ గంటల్లో తినేస్తాయి.

ఇక్కడే మే నెల వాన డిసెంబరు తుపాను కంటే క్రూరమైనది. వేడి పది డిగ్రీలు పెరిగితే జీవుల శ్వాస వేగం సుమారు రెట్టింపవుతుంది. చలికాలంలో మునిగిన నేలలో ఆక్సిజన్ నిదానంగా ఖర్చవుతుంది, వేరుకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఎండకు కాగిన మే నేల మీద వాన నిలిస్తే ఖర్చు రెట్టింపు, నీటిలో కరిగే ఆక్సిజన్ మరింత తక్కువ. మధ్యాహ్నం కురిసి వెలిసి, మర్నాడు ఎండ కాస్తే పరిస్థితి బాగుపడుతుందని మనం అనుకుంటాం. నిలిచిన నీళ్ల మీద కాసే ఎండే అన్నిటికంటే చెడ్డది.

ఆ ఎండలోనే రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి పుడుతుంది. "నీళ్లల్లనే నిలవడ్డది కదా సారూ, మరి నీళ్లు లేనట్టు ఎందుకు వాడిపోతున్నది?"

మంచి ప్రశ్న. దీనికి సరైన జవాబు దొరకడానికి చాలాకాలం పట్టింది. వేరు కణాల పొరల్లో నీటిని దాటించే సన్నని ప్రొటీన్ ద్వారాలుంటాయి. ఆక్వాపోరిన్లంటారు. జీవకణాల్లో ఇలాంటివి ఉన్నాయని తేల్చినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్సులోని మోంపెలియేలో క్రిస్టఫ్ మొరెల్ బృందం ఈ ద్వారాలు మునిగిన వేరులో ఏమవుతాయో చూపించింది. ఆక్సిజన్ అందక వేరు కణం శ్వాస మాని పులియబెట్టే దారికి మళ్లుతుంది. చక్కెర అణువు ఒక్కదాన్నుంచి ముప్పై పైచిలుకు శక్తి ప్యాకెట్లు రావలసిన చోట రెండే వస్తాయి. కణంలో పులుపు పెరుగుతుంది. ఆ పులుపు తగలగానే ఆక్వాపోరిన్లు మూసుకుంటాయి. చుట్టూ నీరే ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. పైన ఎండకు ఆకులు ఆవిరి వదులుతూనే ఉంటాయి. మొక్క దాహంతోనే వాడుతుంది.

తెలియక జరిగే తప్పు ఒకటి ఇక్కడే ఉంది. వాడిన మొక్కను చూసి మళ్లీ డ్రిప్పు వదలడం, లేదా వేరుకుళ్లని మందుల దుకాణానికి పరుగెత్తి నాలుగు రకాల డబ్బాలు తెచ్చుకోవడం. మొదటి రెండు మూడు రోజుల్లో మొక్కకు కావలసింది గాలి. దాన్ని డబ్బాల్లో అమ్మరు కాబట్టి దుకాణంలో దాని ఊసే రాదు.

టమాటాలో ఇంకో వింత కనిపిస్తుంది. వాడిపోవడం వేరు, ఆకు తొడిమలు గొడుగు మూసినట్టు కిందికి వంగిపోవడం వేరు. రెండో రకంలో ఆకు మెత్తబడదు, బిరుసుగానే ఉంటుంది, కానీ కిందికి దిగిపోతుంది. దీని వెనుక ఉన్నది ఇథిలీన్, అంటే కాయల్ని పండించే వాయువే. 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కెంట్ బ్రాడ్‌ఫోర్డ్, షాంగ్ ఫా యాంగ్ దీని గుట్టు విప్పారు. ఇథిలీన్ తయారీలో చివరి మెట్టుకు ఆక్సిజన్ కావాలి. మునిగిన వేరు ఒక మెట్టు ముందు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ తయారైన ముడిసరుకు పేరు ఏసీసీ. వేరులో పోగుపడ్డ ఈ ఏసీసీ నీటి నాళాల వెంట పైకి ఎక్కుతుంది. పైన గాలి పుష్కలం, కాబట్టి కొమ్మల్లో అది ఇథిలీన్‌గా మారుతుంది. దాని ప్రభావంతో తొడిమ పైవైపు కణాలు కిందివైపు కణాల కంటే వేగంగా సాగుతాయి, తొడిమ వంగిపోతుంది. మునిగింది వేరు, కబురు అందింది ఆకుకి. ఆకు కిందికి వాలితే ఎండ తక్కువ తగులుతుంది, ఆవిరి తగ్గుతుంది. కాబట్టి తొడిమలు వంగిన టమాటా ఇంకా బతకడానికి ప్రయత్నిస్తున్న టమాటా. నీళ్లు దిగిపోతే నాలుగైదు రోజుల్లో కాండం మొదట్లో తెల్లని మొటిమల్లా కొత్త వేర్లు కూడా తొంగిచూస్తాయి. ఆ సమయంలో మొదట్లోకి మట్టి ఎగదోస్తే వాటికి ఆసరా దొరుకుతుంది.

అన్ని పైర్లకూ ఈ ఓపిక లేదు. మిరప త్వరగా చేతులెత్తేస్తుంది. వంకాయ టమాటా కంటే గట్టిది. వరి సంగతి చెప్పనక్కర్లేదు. దాని వేరు నడుమ గాలి గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి, ఆకు నుంచి వేరు కొస దాకా గాలి ఆ దారిన దిగుతుంది. అయితే ఆకుల పైదాకా మునిగితే వరీ తట్టుకోలేదు. పశ్చిమగోదావరి మార్టేరులో పుట్టిన స్వర్ణ రకంలోకి ఒడిశా దేశవాళీ వరి నుంచి మునక తట్టుకునే జన్యువును తెచ్చి కలిపాక గానీ 2009లో స్వర్ణ సబ్-1 విడుదల కాలేదు. కూరగాయల్లో అంత పని ఇంకా జరగలేదు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వేరే దారి పట్టింది. వంగ వేరు మీద టమాటా కొమ్మ అంటుకట్టమంది. వాన, వేడి కలిసి వచ్చే కాలానికి వాళ్లు సూచించిన ఈ పద్ధతిలో మునకకూ, బ్యాక్టీరియా ఎండు తెగులుకూ రెంటికీ వంగ వేరు నిలబడుతుంది. మన దగ్గర కొన్ని నర్సరీలు అంటు నారు అమ్ముతున్నాయి. మామూలు నారు కంటే ఖరీదెక్కువ. మేలో ఏటా వాన రాదు కదా, ఆ డబ్బు పెట్టడం లాభమా అంటే, నల్లరేగడిలో పెట్టవచ్చు, ఎర్రచెలకలో వద్దంటాను.

ఎందుకంటే నేలను బట్టే కథ మారుతుంది. చెలకలో ఇసుక పాలు ఎక్కువ, పెద్ద సందులుంటాయి, వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు నీరు దిగిపోతుంది. రేగడిలో బంకమట్టి ఉబ్బి ఉన్న సందులూ మూసుకుంటాయి. వారం దాకా అడుగు పెట్టలేం. పెట్టకూడదు కూడా. తడి రేగడి మీద నడిచినా, ట్రాక్టరు తిప్పినా ఉన్న కాస్త సందులూ నలిగిపోతాయి, ఆ దెబ్బ ఆ ఒక్క పంటతో పోదు. చెలకకు వేరే బాధ ఉంది. ఐదు మిల్లీమీటర్ల వాన చినుకు గంటకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నేలను కొడుతుంది. ఆచ్ఛాదన లేని నేల మీద ఆ దెబ్బకు మట్టిగడ్డలు చితికి, సన్న రేణువులు సందుల్లో ఇరుక్కుని, ఆరేసరికి పైన గట్టి పెచ్చు కడుతుంది. ముందురోజు చల్లిన తోటకూర, కొత్తిమీర విత్తనం ఆ పెచ్చు కిందే మొలిచి పైకి రాలేక వంకర తిరిగి చచ్చిపోతుంది. విత్తనం మంచిది కాదని తిట్లు మాత్రం అమ్మినవాడికి పడతాయి.

నేల కింద కరువైంది గాలి అయితే, ఆకు మీద కరువైంది పొడిదనం.

వాన వెలిసిన మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే దోస ఆకునో బీర ఆకునో చూడండి. పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు కనిపిస్తాయి. తిప్పి చూస్తే అవే చోట్ల బూడిదరంగో ఊదారంగో నూగు. బూజు తెగులు. దీన్ని అలవాటుగా శిలీంధ్రమంటాం, పుస్తకాల్లోనూ చాలాకాలం అలాగే రాశారు. వంశవృక్షంలో ఇది పుట్టగొడుగుల వైపు కాదు, సముద్రపు గోధుమరంగు నాచుల వైపు ఉంటుంది. శిలీంధ్రాల కణకవచం కైటిన్‌తో తయారైతే దీనిది ముఖ్యంగా సెల్యులోజ్. శిలీంధ్రాల కోసం తయారుచేసిన మందుల్లో కొన్ని దీని మీద పనిచేయకపోవడానికి ఈ తేడాలే కారణం. నారుమడిని మాడ్చే నారుకుళ్లు తెచ్చే పిథియమ్, తోటకూర ఆకు అడుగున తెల్లని పొక్కులు లేపే తెల్ల తుప్పు, 1845లో ఐర్లండు బంగాళాదుంపను తుడిచిపెట్టిన ఫైటోఫ్తోరా, అన్నీ ఈ కుటుంబమే.

నాచుల చుట్టరికం ఎందుకు చెప్పానంటే వీటి బీజాలు ఈదుతాయి. గాలికి ఎగిరొచ్చి ఆకు మీద వాలిన సంచి ఒకటి పగిలి, రెండేసి కశాభాలతో కదిలే బీజాలు బయటికొస్తాయి. ఆకు మీద నీటి పొర ఉన్నంతసేపే వాటికి దారి. ఆ పొరలో ఈది పత్రరంధ్రం దగ్గరికి చేరి లోపలికి దిగుతాయి. కొన్ని గంటలు ఆకు తడిగా ఉంటే చాలు. మామూలు మేలో హైదరాబాదు చుట్టూ రాత్రి పడిన నాలుగు చినుకులు కూడా పొద్దు పొడిచిన అరగంటలో ఆరిపోతాయి, ఈతగాళ్లు ఎండి చస్తారు. ముసురు పట్టిన మేలో సాయంత్రం తడిసిన ఆకు మర్నాడు పది గంటలకూ ఆరదు. వాళ్లకు రాత్రంతా దారే.

టమాటాలో ఆకుమాడు తెగులుకు మరో వాహనముంది. చినుకు నేలను కొట్టినప్పుడు ఎగిరే తుంపరలో మట్టి, ఆ మట్టిలో పాత పంట మోళ్ల మీదున్న శిలీంధ్ర బీజాలు. అవి కింది ఆకులకు అంటుకుంటాయి. అందుకే ఆ మచ్చలు ఎప్పుడూ కింది నుంచి పైకి ఎక్కుతాయి. కట్టెలు పాతి తాడు కట్టి పైకి లేపిన టమాటాకు, సాలు మీద మల్చింగ్ షీటో ఎండుగడ్డో పరిచిన టమాటాకు ఈ జబ్బు ఆలస్యంగా వస్తుంది. ఇందులో మందు పాత్ర ఏమీ లేదు. తుంపర ఎగిరే ఎత్తుకు ఆకు అందలేదు, అంతే.

మందు సంగతికొస్తే, ఈ జబ్బుల మీద మొదటి మందు ఒక దొంగల కథ నుంచి పుట్టింది. 1882లో ఫ్రాన్సు మెడోక్ ప్రాంతంలో ద్రాక్షతోటల్ని బూజు తెగులు తినేస్తుంటే, బోర్డో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త పియర్ మిలార్దే ఒక విషయం గమనించాడు. దారి పక్క వరసల్లోని తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. బాటసారులు ద్రాక్ష కోసుకోకుండా, విషం చల్లినట్టు కనిపించాలని అక్కడి రైతులు ఆ వరసలకు మైలుతుత్తం, సున్నం కలిపిన నీలి నీళ్లు చల్లేవారు. మిలార్దే ప్రయోగాలు చేసి 1885లో దాన్ని ప్రపంచానికి చెప్పాడు. అదే బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీరు. కలిపాక ఇనుప కొడవలి ముంచి తీస్తే దాని మీద ఎర్రగా రాగి పేరుకుంటే ఇంకా సున్నం పడాలని గుర్తు. మన బత్తాయి, తమలపాకు తోటల్లో ఇది తరాలుగా ఉంది. దీని బలహీనతా వానే. రాగి ఆకు పైనే కూర్చుంటుంది, లోపలికి వెళ్లదు. బీజం వాలకముందే అక్కడ ఉండాలి. రోజూ కురిసే వాన రోజూ దాన్ని కొంత కడుగుతుంది. అందుకే ముసురు రోజుల్లో చల్లిన మందు ఖర్చు చేసిన తృప్తినిచ్చినంతగా ఫలితమివ్వదు.

పువ్వుల దగ్గర వాన చేసే అన్యాయం మరీ వింతైనది, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేదీ అదే. దక్కను పీఠభూమి మీద వేసవి వానలకు ఒక వేళ ఉంది. పగలంతా నేల కాగి, వేడి గాలి పైకి లేచి, మూడు నాలుగు గంటలకు మబ్బు గుమిగూడి, సాయంత్రం ఐదుకీ ఎనిమిదికీ మధ్య గాలిదుమారంతో కురుస్తుంది. బీర పువ్వు సరిగ్గా ఆ వేళకే విచ్చుకుంటుంది. సొర తెల్లని పువ్వులు కూడా పొద్దుగుంకే వేళవే, రాత్రి తిరిగే రెక్కలపురుగుల కోసం. పుప్పొడి రేణువు తడిస్తే నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతుంది. పురుగులు వానలో తిరగవు. రెండు గంటల వాన ఆ రోజు పూసిన పూతనంతా వృథా చేస్తుంది. నాలుగు రోజుల తర్వాత వేలెడంత పిందెలు పసుపెక్కి రాలుతుంటే రైతు పురుగు కోసం వెతుకుతాడు. దోస, కాకర పొద్దున పూస్తాయి కాబట్టి అదే పందిరి పక్కన అంత దెబ్బ తినకుండా నిలుస్తాయి. ఇలాంటి సీజనులో బీరకు చేతితో పరాగం అద్దడం పనికొస్తుంది. పావెకరం పందిరైతే ఇద్దరు మనుషులు వాన లేని సాయంత్రం మగపువ్వు తెంపి ఆడపువ్వులకు తాకించి రావచ్చు. ఎకరాలకు ఎకరాలు వేసినవాడికి కుదరదు, చిన్న రైతుకు కుదురుతుంది.

వాన చేసిన మేలు కూడా చెప్పకపోతే అన్యాయం. టమాటా పువ్వుకు మన మే రాత్రులే పెద్ద శత్రువు. రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ తచ్చాడుతూ, పగలు 38, 40 దాటితే పుప్పొడి సరిగా తయారు కాదు, పూత రాలిపోతుంది. ముసురు మేలో రాత్రి 22, 23కి దిగితే, వేరు బతికి ఉన్న తోటలో కాపు మామూలు మే కంటే బాగా పడుతుంది. తామర పురుగులు, ఎర్రనల్లి దుమ్మూ ఎండా ఉన్నచోట చెలరేగుతాయి. గట్టి వాన వాటిని ఆకు మీద నుంచి కడిగేస్తుంది. తామర పురుగుల వెంట వచ్చే వైరస్ జబ్బులూ ఆ మేరకు తగ్గుతాయి. ఎత్తు మళ్ల మీద, వాలు ఉన్న చెలకలో, కట్టెలు కట్టిన టమాటా వేసుకున్నవాడికి ఇలాంటి మే అదృష్టం కూడా కావచ్చు. పక్క చేను రేగడిలో నేల మీద పాకిన టమాటా అదే వారంలో పోతుంది. ఒకే వాన, మధ్యలో ఒక గట్టు.

ఆకుకూరల్లో మాత్రం ఎవరికీ అదృష్టం లేదు. వేసవిలో కొత్తిమీర ధర ఆకాశంలో ఉంటుంది. గ్రీన్ నెట్ కింద దాన్ని కాపాడుకోవడానికి పడే పాట్లన్నీ ఆ ధర కోసమే. మట్టి చిందిన కట్టను ఎవరూ కొనరు, కడిగి తేవాలి. కడిగిన కట్ట తడిగా గోనెలో బిగిస్తే కోసిన ఆకుల శ్వాసతో లోపల వేడెక్కుతుంది. ఆ వేడికి శ్వాస ఇంకా పెరుగుతుంది. ఊళ్లో రాత్రి పదింటికి కట్టిన మూట బజారులో తెల్లారి విప్పేసరికి నడుమ ఆకులు ఉడికినట్టు నల్లబడి ఉంటాయి. కోత సాయంత్రం, వానా సాయంత్రమే. పొద్దున ఆకు ఆరాక కోద్దామంటే బజారు వేళ దాటిపోతుంది.

ఇక నేలలో నత్రజని. యూరియా, పశువుల ఎరువు చివరికి నైట్రేటుగా మారి నీటిలో తేలిగ్గా కరుగుతాయి. చెలకలో అది నీటితోపాటు వేరు అందుకోలేని లోతుకు దిగిపోతుంది. రేగడిలో, ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా నైట్రేటులోని ఆక్సిజన్‌నే వాడుకుని నత్రజనిని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. రెండు చోట్లా పైకి కనిపించేది ఒక్కటే, ముదురాకులు పసుపెక్కడం. ఈ దశలో వేరుకు ఎరువు వేసినా అది తీసుకునే స్థితిలో ఉండదు. నీరు తీసేశాక పలుచటి యూరియా ద్రావణమో, రైతులు పదమూడు సున్నా నలభై ఐదు అని పిలిచే పొటాషియం నైట్రేటో లీటరుకు పది గ్రాముల చొప్పున ఆకు మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పడం ఇందుకే. వేరు కోలుకునేదాకా ఆ వారం పది రోజులు ఆకుకు నేరుగా కొంత తిండి అందుతుంది.

ఖాళీగా ఉంచిన మడిలోనూ నష్టముంది. మే ఎండకు నేలను లోతుగా దున్ని ఆరబెట్టడం మన పెద్దల పద్ధతి. ఇజ్రాయెల్‌లో జాకోవ్ కటాన్ బృందం తడి నేల మీద పారదర్శక ప్లాస్టిక్ పరిచి, ఎండ వేడితోనే తెగుళ్ల బీజాలను చంపవచ్చని 1976లో చూపించింది. జోర్డాన్ లోయలో మండే ఎండకు ప్లాస్టిక్ కింద నేల విపరీతంగా కాగడం అక్కడి రైతులూ విస్తరణాధికారులూ గమనించి చెప్పిందే ఆ ఆలోచనకు మూలం. రెంటికీ కావలసింది మబ్బు లేని వారాలు. ముఖ్యంగా తుంగ కలుపు విషయంలో. దుక్కిలో పైకి వచ్చిన తుంగ గడ్డ ఎండకు ఎండితే చస్తుంది. అదే దుక్కి మీద వాన పడితే, నాగలి తెంపిన ప్రతి ముక్కా మొలకెత్తుతుంది. వాన ముందు దున్నిన రైతు తుంగను నాటుకున్నట్టే.

ముందుజాగ్రత్తలు కొత్తవేమీ కాదు. అడుగు ఎత్తు మళ్లు, వాటి మధ్య కాలువ, ఆ కాలువ చేను చివర ఎక్కడికో పోయే దారి. ఈ చివరిది చాలా తోటల్లో ఉండదు. ఎండాకాలపు నీటి పొదుపు కోసం నాలుగు వైపులా గట్టు గట్టిగా వేసుకుంటాం, డ్రిప్పు తోటకు కాలువతో పనేముందంటాం. కట్టిన గట్టును ఏ మూల తెంచాలో మార్చిలోనే చూసి పెట్టుకున్నవాడు వాన రాత్రి పారతో ఒక్క దెబ్బకు నీళ్లు వదిలేస్తాడు. మల్చింగ్ షీటు గురించి ఒక హెచ్చరిక. అది చినుకు దెబ్బనూ, తుంపరనూ, కలుపునూ ఆపుతుంది. కానీ నీళ్లు కిందికి చేరిపోతే వాటిని ఆరనివ్వదు కూడా. మడి ఎత్తు లేకుండా షీటు ఒక్కటే పరిస్తే వాన మేలో అది మొక్కకు శత్రువే.

మునిగిన తోటను ఉంచాలా తీసేయాలా అన్నది నీళ్లు దిగిన నాలుగైదు రోజులకు ఒక మొక్కను పెకిలించి చూస్తే తెలుస్తుంది. వేరును గోటితో గీకితే తెల్లగా, గట్టిగా ఉంటే ఆశ ఉంది. గోధుమరంగులో పైతొక్క ఊడివచ్చి నడుమ దారంలా మిగిలితే లేదు. కష్టం ఆ తర్వాతే. ఆ వారంలో చుట్టుపక్కల అందరి తోటలూ పోయి ఉంటాయి, అందరూ ఒకే నర్సరీకి పోతారు. ప్రోట్రేల్లో నారు అప్పటికప్పుడు దొరకదు, విత్తిన పాతిక రోజులకు గానీ చేతికి రాదు. జూన్ మొదటి వారంలో విత్తితే నెలాఖరుకు నాటు, మొదటి కోత ఆగస్టు చివర. మేలో పోయిన టమాటా జులై ధరలో కనబడుతుంది, ఆ ధర వచ్చేటప్పటికి పోగొట్టుకున్న రైతు చేనులో కాయ ఉండదు.

2023లో మార్చి నడుమ వడగళ్లు, ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి దాకా వానలు తెలంగాణ తోటల్ని దెబ్బతీశాయి. అదే సీజనులో దేశమంతటా టమాటా ధర పడిపోయి చాలామంది తోటలు వదిలేశారు, కొన్నిచోట్ల వైరస్ తెగుళ్లు తోడయ్యాయి. జులై చివరికి మదనపల్లె మార్కెట్టులో మేలు రకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి చేరింది. ఆ ధర చూసి నాటినవాళ్ల కాయ కోతకొచ్చేసరికి మహారాష్ట్ర లారీలు కూడా దిగుతున్నాయి. సెప్టెంబరులో కిలో నాలుగైదు రూపాయలకు అడిగేవాడు లేక రోడ్డు పక్కన పారబోశారు.